జపాన్ దగ్గర, గాలికొండ దూరం

శృంగవరపుకోట స్టేషన్‌లో గూడ్సు బళ్లకు ఒక అలవాటుంది. అరకు వైపు కొండెక్కేవి చాలావరకు ఖాళీ పెట్టెలు. దిగి వచ్చేవి ఇనుప ఖనిజంతో నిండినవి. ప్రపంచ సరుకు రవాణా గొలుసు తెగిందనీ, అతికిందనీ పేపర్లలో చదివే మనకు ఆ గొలుసులో ఒక లింకు ఇంటి పక్కనుంచే పోతోందన్న సంగతి అంతగా పట్టదు. ఆ లింకు చుట్టూ పోగైన వింతలు కొన్ని.

పోయిన రికార్డు

కొత్తవలస–కిరండూల్ లైను మనం అరకు వెళ్లి ఫొటోలు దిగడానికి వేసింది కాదు. జపాన్ ఉక్కు కొలుముల కోసం వేసింది. బైలదిలా కొండల నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఖనిజం పంపడానికి 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. గనికీ రేవుకూ మధ్య తూర్పు కనుమలు అడ్డం. 58 సొరంగాలు తవ్వి, 1960ల చివరికి లైను పూర్తి చేశారు. శృంగవరపుకోట దాటి, బొడ్డవర, శివలింగపురం, త్యాడ మీదుగా ఎక్కుతూ పోతే 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ వస్తుంది. దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్‌గా దాని పేరు నలభై ఏళ్లు మారుమోగింది. 2008లో కశ్మీర్ లోయలో రైలు నడిచాక ఆ ఘనత అటు పోయింది. అయినా పాత పేరు చెప్పుకోవడం మనవాళ్లు మానలేదు, మానక్కర్లేదు కూడా.

ఆ ఖనిజాన్ని మోసే ఓడలు పెద్దవవుతూ వచ్చాయి. విశాఖ లోపలి హార్బరు వాటికి చాలలేదు. 1976లో ప్రారంభమైన ఔటర్ హార్బర్ అందుకోసం పుట్టిందే. అంటే టోక్యోలో లెక్కలు వేసుకుంటే ఇక్కడ కొండ తొలిచారు, విశాఖలో కడలి లోతు చేశారు.

పెట్టె లేకుండా ప్రయాణం

ఆ ఖనిజానికే ఇంకో దారి కూడా పడింది. పొడి చేసి, నీళ్లలో కలిపి, పైపులోంచి విశాఖకు పంపడం. ఎస్సార్ వేసిన ఈ పైపు పొడవు 267 కిలోమీటర్లు. ఈ రకం పైపుల్లో ప్రపంచంలో రెండో పొడవైనదని అప్పట్లో చెప్పుకున్నారు. సముద్రపు దొంగలూ తుపానులూ అక్కర్లేకుండానే అది ఆగింది. 2009లో మావోయిస్టులు అడవిలో దాన్ని దెబ్బతీశారు. ఇప్పుడు ఆ ఆస్తి ఆర్సెలర్ మిత్తల్‌తో పాటు నిప్పన్ స్టీల్ చేతిలో ఉంది. జపాన్‌వాళ్లు రైలు పట్టాల మీద కాకపోతే పైపు వెంట వచ్చారు.

ఎక్కడో గొడవ, ఇక్కడ గిరాకీ

గొలుసు తెగితే అందరికీ నష్టమే అనుకుంటాం. విజయనగరం చరిత్ర అలా ఒప్పుకోదు. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1890ల మొదట్లో మొదలైంది మన జిల్లాలోని కోడూరులోనే. అప్పట్లో ప్రపంచానికి మాంగనీసు పంపే పెద్దన్న రష్యా. 1904–05లో జపాన్‌తో యుద్ధం, వెంటనే ఆ దేశంలో తిరుగుబాట్లు. అక్కడి సరుకు ఆగింది, ధర పెరిగింది. కొన్నేళ్లలోనే ఉత్పత్తిలో భారత్ రష్యాను దాటింది. 1933లో తెరుచుకున్న విశాఖ రేవుకు తొలి ఆశ కూడా మధ్య పరగణాల మాంగనీసే.

గోగునారదీ ఇదే కథ. భీమిలి రేవు నుంచి పోయింది కాబట్టి దానికి విదేశీ వర్తకంలో ‘బిమ్లిపటం జ్యూట్’ అని పేరు పడింది. 1947లో జనపనార పొలాలు తూర్పు పాకిస్తాన్‌కూ, మిల్లులు కలకత్తాకూ చెరో దిక్కయ్యాయి. ఆ లోటు పూడ్చడానికి మన గోగుకు గిరాకీ వచ్చింది.

అతి పొడవైన ఆలస్యం

2021లో ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్‌లో అడ్డంగా ఇరుక్కుంటే ఆరు రోజులకే లోకం అల్లాడిపోయింది. 1967 యుద్ధంలో అదే కాలువలోని గ్రేట్ బిట్టర్ లేక్‌లో చిక్కిన 14 ఓడలు 1975 దాకా కదల్లేదు. ఆస్ట్రేలియా నుంచి హాంబర్గ్ బయలుదేరిన మున్‌స్టర్‌లాండ్ ఎనిమిదేళ్లు దాటాక గానీ ఇల్లు చేరలేదు. మన ఇనుముకు మాత్రం చింత లేదు, అది పోయేది తూర్పుకు.

అన్నిటికన్నా చిన్న దారి

నన్నడిగితే అసలు వింత ఇది. బైలదిలా ఇనుము కనుమలు దాటి, సముద్రాలు దాటి జపాన్ చేరింది. కోటకు కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలోని గాలికొండ, రక్తకొండ బాక్సైట్ మాత్రం కోట దాకా దిగలేదు.

ఆ బాక్సైట్‌తో నడిచే అల్యూమినా రిఫైనరీ కోసం 2005లో రాష్ట్ర ప్రభుత్వం జిందాల్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఎస్.కోట మండలంలో వెయ్యి ఎకరాల దాకా సేకరించారు. కానీ కొండలు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ ప్రైవేటు కంపెనీలకు గనులు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు 1997లోనే, సమత కేసులో చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా ఎక్కడో కాదు, బొర్రా పంచాయతీ గనుల మీద. అందుకే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి కంపెనీకి అమ్మేలా దారి వెతికారు. గిరిజనులు దానికీ ఒప్పుకోలేదు. తవ్వకం మొదలవలేదు.

నర్సీపట్నం వైపు మాకవరపాలెంలో ఇంకా విడ్డూరం. గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా పెట్టుబడితో రిఫైనరీ కట్టనే కట్టారు, బాక్సైట్ రాలేదు. గొడవ అంతర్జాతీయ మధ్యవర్తుల దాకా వెళ్లింది.

కోట భూములు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. వాటిలో చిన్న పరిశ్రమల పార్కు పెడతామన్న మాట వచ్చాక, 2025లో బొడ్డవరలో నిర్వాసితులు నిరసనకు కూర్చున్నారు. అల్యూమినా కోసం ఇచ్చిన భూమి ఇంకోదానికి ఎలా వాడతారన్నది వాళ్ల ప్రశ్న.