ఇంటి పనులకు చేతి నేర్పు – అది ఎవరి పని?

పరిచయం

“మగవాడివై ఉండి ఆ మాత్రం ఫ్యూజు వేయలేవా?”, “ఆడపిల్లవు, స్క్రూడ్రైవరు నీకెందుకు?” – ఇటువంటి మాటలు మనం తరచుగా వింటూ ఉంటాం. కొన్ని పనులు మగవారికి పుట్టుకతోనే వస్తాయనీ, కొన్ని ఆడవారికి పుట్టుకతోనే వస్తాయనీ చాలామంది నమ్ముతారు. ఈ నమ్మకం వల్ల ఇద్దరికీ నష్టమే. రాని పనిని వచ్చినట్లు చూపించబోయి మగవాడు ప్రమాదం తెచ్చుకుంటాడు. వచ్చి తీరవలసిన పని రాక ఆడమనిషి చీకట్లో కూర్చుంటుంది. ఈ పాఠంలో ఇంట్లో అవసరమయ్యే కొన్ని పనులను తీసుకొని, అవి ఎలా చేయాలో, ఎందుకు అలాగే చేయాలో తెలుసుకుందాం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• చేతి నేర్పు శిక్షణ వల్ల వస్తుందని ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ఫ్యూజు ఎందుకు పోతుందో లెక్క కట్టి చెప్పగలుగుతారు.
• కారుతున్న కొళాయికి వాషరు మార్చే పద్ధతిని వరుసగా చెప్పగలుగుతారు.
• గ్యాసు వాసన వచ్చినప్పుడు ఏం చేయాలో, ఏం చేయకూడదో గుర్తించగలుగుతారు.

1. రైలు పట్టణంలో చేతిపని

పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఖరగ్‌పూర్ ఉంది. హౌరా నుంచి రైలులో సుమారు 115 కిలోమీటర్ల దూరం. ఈ పట్టణంలోని ఒక పేట పేరు ఇందా. ఖరగ్‌పూర్ కళాశాల ఇక్కడే ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను పెద్ద కూడలిగా మార్చింది, ఇక్కడ పెద్ద వర్క్‌షాపును కూడా నెలకొల్పింది. తూర్పు తీరం వెంబడి వేసిన రైలు మార్గం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలను ఈ ఊరితో కలిపింది. ఆ దారినే ఎన్నో తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఖరగ్‌పూర్‌లో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వాలని నిర్ణయించింది.

ఇలా వచ్చినవారిలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారు. నాగలి పట్టడం, గట్టు వేయడం, దూలం చెక్కడం వారికి తెలిసిన పనులు. ఇంజను, బాయిలరు, లేతు యంత్రం వారు అంతకు ముందు చూసినవి కావు. అయినా వారిలో నుంచే ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు తయారయ్యారు. ఖలాసీగా చేరి బరువులు మోసినవాడు పెద్ద మేస్త్రీ పక్కన నిలబడి, చూసి, పనిముట్టు అందించి, తప్పు చేసి, దిద్దుకొని పని నేర్చుకున్నాడు. నేర్పు పుట్టుకతో రాదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

తరువాతి కాలంలో ఈ నేర్చుకోవడానికి ఒక క్రమం ఏర్పడింది. 1950లో ఐటీఐల ద్వారా చేతిపనుల శిక్షణ పథకం మొదలైంది. 1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చింది. ఈ చట్టం కింద రైల్వే వర్క్‌షాపులు యువతకు శిక్షణ ఇస్తున్నాయి. ఇటువంటి శిక్షణలో చేరడానికి చాలా ట్రేడులకు పదో తరగతి ధ్రువపత్రం అడుగుతారు. మీరు సార్వత్రిక విద్య ద్వారా పూర్తి చేస్తున్న చదువు ఇక్కడ పనికివస్తుంది. ప్రకటన వెలువడినప్పుడు అర్హతలను జాగ్రత్తగా చదవండి.

2. “ఇది మగవాడి పని” – ఈ మాట ఎంతవరకు నిజం?

రైల్వే కుటుంబాన్ని ఒకదాన్ని ఊహించుకోండి. భర్తకు నైట్ డ్యూటీ. రాత్రి పది గంటలకు ఇంట్లో దీపాలు ఆరిపోయాయి. పక్క ఇళ్లలో వెలుగుతూనే ఉన్నాయి. అంటే పోయింది కరెంటు కాదు, ఫ్యూజు. పిల్లవాడికి మర్నాడు పరీక్ష. తల్లి పక్కింటి తలుపు తట్టి, “అన్నయ్యా, ఆయన డ్యూటీకి వెళ్లారు. కాస్త ఫ్యూజు వేసి పెడతారా?” అని అడుగుతుంది. ఆ అన్నయ్య కూడా డ్యూటీలో ఉంటే? తెల్లవారేదాకా చీకటే.

ఇదే కుటుంబంలో మరో సందర్భం. భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. భర్తకు అన్నం వార్చడం రాదు. రెండు నెలలు హోటలు తిండి. డబ్బూ పోయింది, ఆరోగ్యమూ చెడింది. ఖరగ్‌పూర్‌కు తొలి రోజుల్లో కుటుంబాలను ఊళ్లోనే వదిలి ఒంటరిగా వచ్చిన మగవారు మాత్రం పొయ్యి ముట్టించుకొని తమ అన్నం తాము వండుకోక తప్పలేదు. అవసరం వచ్చినప్పుడు వంట కూడా ‘మగవాడి పని’ అయిందన్నమాట.

ఇంతకంటే కష్టమైన సందర్భం కూడా ఉంది. రైల్వే ఉద్యోగి సర్వీసులో ఉండగా మరణిస్తే, అతని భార్యకో పిల్లలకో కారుణ్య నియామకం ఇచ్చే పద్ధతి ఉంది. నిన్నటివరకు వంటింట్లోనే ఉన్న మనిషి రేపటి నుంచి స్పానరు పట్టవలసి రావచ్చు. ఆ రోజున “ఇది నాకు చేతకాని పని” అనే భయమే ఆమెకు పెద్ద అడ్డంకి. పనిముట్టుకు మాత్రం పట్టుకున్నది ఎవరి చెయ్యో తెలియదు. మహారాష్ట్రకు చెందిన సురేఖా యాదవ్ 1980ల చివరిలో మన దేశంలో తొలి మహిళా రైలింజను డ్రైవరుగా పేరు పొందారు. అంతవరకు అది మగవారికే చెందిన పని అని అందరూ అనుకున్నారు.

ఆలోచించండి: మీ ఇంట్లో ఒక్కరికే తెలిసిన పనులు ఏవి? ఆ ఒక్కరూ వారం రోజులు ఊళ్లో లేకపోతే ఏమవుతుంది?

3. ఫ్యూజు ఎందుకు పోతుంది?

తీగలో విద్యుత్తు ప్రవహిస్తే వేడి పుడుతుంది. ప్రవాహం ఎక్కువైతే వేడి కూడా ఎక్కువవుతుంది. గోడలోని తీగ అతిగా వేడెక్కితే పైతొడుగు కరిగి మంటలు లేవవచ్చు. ఇలా జరగకుండా, దారిలో ఒకచోట కావాలనే ఒక సన్నని తీగను ఉంచుతారు. ప్రవాహం హద్దు మీరితే ముందుగా అది కరిగి తెగిపోతుంది. అదే ఫ్యూజు. ఫ్యూజు పోవడం అంటే అది తన పని తాను చేసిందని అర్థం.

దీన్ని లెక్కతో చూద్దాం. ప్రవాహాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు.

ఒక ఇంట్లో 9 వాట్ల బల్బులు 4, 75 వాట్ల ఫ్యాన్లు 2, 80 వాట్ల టీవీ 1 ఉన్నాయనుకోండి. మొత్తం 36 + 150 + 80 = 266 వాట్లు. 266ను 230తో భాగిస్తే సుమారు 1.2 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు ఇది చాలా తక్కువ భారం. చలికాలంలో ఇదే లైనుకు 1500 వాట్ల నీళ్లు కాచే రాడ్డునూ, 1000 వాట్ల ఇస్త్రీపెట్టెనూ తగిలించారనుకోండి. మొత్తం 2766 వాట్లు, అంటే సుమారు 12 ఆంపియర్లు. 5 ఆంపియర్ల ఫ్యూజు తెగక ఏం చేస్తుంది?

ఇక్కడే చాలామంది పెద్ద పొరపాటు చేస్తారు. “మాటిమాటికీ పోతోంది” అని విసుగెత్తి మందపాటి రాగితీగ చుడతారు. తరువాత ఫ్యూజు పోదు. దాని బదులు గోడలోని తీగ కాలుతుంది. ఫ్యూజు వేయడం వచ్చినంత మాత్రాన చాలదు, ఏ తీగ వేయాలో తెలిసి ఉండాలి.

ఫ్యూజు వేసే పద్ధతి:

1. మెయిన్ స్విచ్ ఆపండి. చేతులు, కాళ్లు పొడిగా ఉండాలి. కాళ్లకు రబ్బరు చెప్పులు వేసుకోండి.
2. లోడు ఎక్కువ కావడానికి కారణమైన పరికరాల ప్లగ్గులు తీసేయండి.
3. పింగాణీ ఫ్యూజును బయటకు లాగి, మిగిలిన పాత తీగ ముక్కలను తొలగించండి.
4. సరైన ఆంపియర్ల ఫ్యూజుతీగనే బిగించండి. తీగను గట్టిగా లాగి సాగదీయకండి.
5. ఫ్యూజును తిరిగి పెట్టి, ఆ తరువాతే మెయిన్ వేయండి.
6. వెంటనే మళ్లీ పోతే ఎక్కడో షార్టు ఉందని అర్థం. ఇక మీరు ప్రయత్నించకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఈనాడు చాలా ఇళ్లలో ఫ్యూజుకు బదులు ఎంసీబీ ఉంటుంది. లోడు మించితే దాని మీట దానంతట అదే పడిపోతుంది. కారణం తొలగించి మీట పైకి ఎత్తితే చాలు. మళ్లీ మళ్లీ పడుతుంటే బలవంతంగా ఎత్తి పట్టుకోకూడదు.

గమనించండి: ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు. ఆంపియరులో పదో వంతు ప్రవాహం గుండె గుండా పోయినా ప్రాణం పోవచ్చు. అంత చిన్న ప్రవాహానికి 5 ఆంపియర్ల ఫ్యూజు కరగదు. మనిషి రక్షణకు ఆర్‌సీసీబీ అనే వేరే పరికరం ఉంది. 30 మిల్లీఆంపియర్ల విద్యుత్తు దారి తప్పినా అది సరఫరాను ఆపుతుంది. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్తు కాలు పొడవుగా ఉండేది కూడా రక్షణ కోసమే. మిగతా రెండింటికంటే ముందు అది కలుస్తుంది, చివరగా విడిపోతుంది. దాన్ని విరగ్గొట్టి వాడడం ప్రాణాలతో చెలగాటం. ఎవరికైనా షాకు కొట్టి తీగకు అతుక్కుపోతే వారిని చేత్తో ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అది అందకపోతే పొడి కర్రతో తీగను తప్పించి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

4. కారే కొళాయి

సెకనుకు ఒక్క చుక్క కారితే ఏం పోతుందిలే అనుకుంటాం. లెక్క కట్టండి. రోజుకు 86,400 సెకన్లు. సుమారు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1500 లీటర్లకు పైగా నీరు వృథా. వీధి కొళాయి దగ్గర బిందెలు వరుసలో పెట్టి నిలబడినవారికి ఈ లెక్క విలువ బాగా తెలుసు.

తిప్పే రకం కొళాయి కారడానికి ఎక్కువగా కారణం లోపలి వాషరు అరిగిపోవడమే. ముందుగా ఆ గొట్టానికి నీరు వచ్చే వాల్వు కట్టేయండి. కొళాయి తెరిచి, మిగిలిన నీటిని పోనివ్వండి. స్పానరుతో కొళాయి పై భాగాన్ని ఎడమవైపుకు తిప్పి విప్పండి. లోపల అడుగున వాషరు ఉంటుంది. పాత వాషరును వెంట తీసుకువెళ్లి, అదే కొలత గల కొత్తది కొనండి. దాన్ని అమర్చి, పై భాగాన్ని కుడివైపుకు తిప్పి బిగించండి. మితిమీరి బిగిస్తే మర చెడుతుంది. తరువాత వాల్వు మెల్లగా తెరవండి. దీనికి కావలసింది ఒక స్పానరు, ఒక వాషరు, కొంత ఓపిక. కండబలం కాదు.

5. గ్యాసు వాసన వస్తే

వంటగ్యాసుకు సహజంగా వాసన లేదు. లీకు అయితే మనకు తెలియడం కోసం ఘాటైన వాసన గల పదార్థాన్ని అందులో కలుపుతారు. ఈ గ్యాసు గాలికంటే బరువైనది. అందువల్ల అది పైకి పోకుండా నేలమీద పరుచుకొని ఉంటుంది. వాసన రాగానే:

• స్టవ్వు, రెగ్యులేటరు కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరవండి.
• ఏ స్విచ్చూ వేయకండి, వేసి ఉన్నది ఆపకండి. చిన్న నిప్పురవ్వ చాలు.
• అగ్గిపుల్ల గీసి లీకు వెతకకండి. సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.
• అందరూ బయటకు వచ్చి, బయటి నుంచే 1906 అత్యవసర నంబరుకు ఫోను చేయండి.

సాధారణంగా స్టవ్వు ఆడవారిది, సిలిండరు మార్చడం మగవారిది అని పంచుకుంటారు. లీకు మాత్రం ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడే రావాలన్న నియమం లేదు. కాబట్టి రెగ్యులేటరు తీయడం, పెట్టడం ఇంట్లోని పెద్దవారందరికీ తెలిసి ఉండాలి.

6. తెలియదని చెప్పడం కూడా నేర్పే

“మగవాడికి ఆ మాత్రం తెలియదా?” అనే మాట మగవాడి నోరు నొక్కుతుంది. తెలియదని ఒప్పుకుంటే నామోషీ. అందువల్ల మెయిన్ ఆపకుండానే తీగ పట్టుకుంటాడు. నిజమైన పనివాడు అలా చేయడు. తన పని హద్దు ఏమిటో అతనికి తెలుసు. మీటరు, వీధి స్తంభం, గోడలోని తీగలు, గ్యాసు సిలిండరు వాల్వు – వీటిని శిక్షణ పొందినవారికే వదలాలి. నేర్చుకోదగిన పనిని అడిగి నేర్చుకోవాలి. నేర్చుకున్నది ఇంట్లో మరొకరికి నేర్పాలి. కొడుక్కి పప్పు వండడం, కూతురికి వాషరు మార్చడం నేర్పిన ఇల్లు ఏ కష్టకాలంలోనూ పూర్తిగా ఆగిపోదు.

మీరేం నేర్చుకున్నారు?

• చేతి నేర్పు పుట్టుకతో రాదు. చూసి, చేసి, దిద్దుకొని నేర్చుకుంటే వస్తుంది.
• ఫ్యూజు తీగను కాపాడుతుంది. సరైన ఆంపియర్ల తీగనే వేయాలి.
• వాషరు మార్చే ముందు వాల్వు, ఫ్యూజు వేసే ముందు మెయిన్ తప్పక ఆపాలి.
• గ్యాసు వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకూడదు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. 230 వోల్టుల లైనులో 690 వాట్ల పరికరం ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుంది?
2. ఫ్యూజుకు మందపాటి రాగితీగ ఎందుకు చుట్టకూడదు?
3. వంటగ్యాసు నేలమీదనే ఎందుకు పరుచుకుంటుంది?
4. మీకు రాని ఒక ఇంటి పనిని ఎంచుకొని, ఈ నెలలో దాన్ని ఎవరి వద్ద నేర్చుకుంటారో అయిదు వాక్యాలలో రాయండి.

జవాబులు

1. 3 ఆంపియర్లు.
2. ప్రవాహం హద్దు మీరినా అది కరగదు. అందువల్ల గోడలోని తీగ వేడెక్కి కాలుతుంది.
3. అది గాలికంటే బరువైనది కాబట్టి.
4. మీ సొంత మాటలలో రాసి, మీ ఇంటివారికి చదివి వినిపించండి.