మేడమీది మధుశాలలు - మన మిద్దెలు

మన కావ్యములలో పురవర్ణన తరచు మేడలతోనే మొదలగును. అల్లసాని పెద్దన మనుచరిత్రమున అరుణాస్పదపురమును వర్ణించుచు, అచ్చటి సౌధముల సున్నపు కాంతి సోకి చంద్రునిలోని లేడి సయితము తెల్లబడెనని చెప్పినాడు. మేడపైనుండు విహారస్థలమునకు చంద్రశాల యని మనవారు పేరిడిరి. ఎత్తున నిలిచి వెన్నెలను, ఊరిని చూడవలెనను కోరిక నేటిదియు కాదు, దోషమును కాదు. ఈ మాట ముందుగా చెప్పుటకు కారణము కలదు. నేడు హైదరాబాదులో ఆ చంద్రశాలకు వెల గట్టి, దాని ప్రక్కన మద్యపు సీసాను నిలిపినారు.

జూబిలీహిల్సు, మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో ఎత్తైన కట్టడముల పైయంతస్తులందు రూఫ్‌టాప్ బారులనబడు పానశాలలు వెలసినవి. పైన ఆకాశము, చుట్టును గాజు పిట్టగోడలు, మసక దీపములు, మ్రోగెడి సంగీతము, క్రింద నగరపు వెలుగులు. మా నాచారము, ఉప్పల్ ప్రాంతములకు ఇవి ఒకప్పుడు దూరపు ముచ్చటలు. నాగోలు నుండి మెట్రోరైలు 2017 నవంబరులో నడువసాగినది. 2019 మార్చి నాటికి హైటెక్ సిటీ వరకు సాగినది. ఉప్పల్‌లో బండి యెక్కిన పిల్లలు పట్టణపు రెండవ కొసన దిగుచున్నారు. ఉద్యోగము వచ్చినను, జీతము పెరిగినను, పుట్టినరోజైనను స్నేహితులతో ఆ మేడలెక్కుట వాడుకయైనది. వారిలో మన చెల్లెండ్రును, కూతుండ్రును కలరు. వారిని తిట్టుట మా యుద్దేశము కాదు. వారు వెదకుచున్నదేమో తెలిసికొందము.

ఈ వాడుక పరదేశములందు పుట్టినది. న్యూయార్కు నగరమున 1880 తరువాతి దశాబ్దమున, వేసవి యుక్కకు జనులు నాటకశాలలకు రాకపోగా, యజమానులు మిద్దెలపై తోటలు పెంచి అక్కడ వినోదములు జరిపించిరి. జనులను పైకి రప్పించినది ముందుగా చల్లగాలియే. మా వీథులలో వేసవి రాత్రులు మిద్దె కడిగి, నీరు చల్లి, చాపలు పరచుకొని పండినవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

కాని మద్యము మాట వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు తిరుగగా, ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకినది. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. నాడు పాకలోని సారాను అసహ్యించుకొన్న మనము, నేడు అదే మత్తు గాజు గ్లాసులో మేడ యెక్కినంతనే గౌరవము పొందినట్లు తలచుట వింత. పాత్ర మారినది గాని గుణము మారలేదు. తెలంగాణములో 21 ఏండ్లు నిండనివారికి మద్యమమ్మరాదు. రక్తము 100 మిల్లీలీటర్లలో మద్యము 30 మిల్లీగ్రాములు మించినచో బండి నడుపుట నేరము; మొదటి తప్పునకే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు చెర, లేక రెండును విధింపవచ్చును. మాదాపురము నుండి నాచారమునకు 20 కిలోమీటర్లకు పైగా దారి. మెట్రో తెల్లవార్లు నడువదు. బిడ్డ యింటికెట్లు తిరిగివచ్చునో ముందుగనే మాటాడుకొనుట తల్లికి అనుమానము కాదు, బాధ్యత.

మరియొక యపాయము కలదు. 2017 డిసెంబరు 28 అర్ధరాత్రి దాటిన పిమ్మట బొంబాయి కమలా మిల్సు ఆవరణలోని మిద్దె పానశాలలయందు నిప్పంటుకొని 14 మంది చనిపోయిరి. పుట్టినరోజు పండుగకు వచ్చిన యువతులును వారిలో నుండిరి. పలువురు మరుగుదొడ్లలో తలదాచుకొని, పొగకు ఊపిరాడక ప్రాణములు విడిచిరి. మన సికింద్రాబాదులోనే 2023 మార్చి 16న స్వప్నలోక్ కట్టడమున మంటలు చెలరేగి ఆరుగురు యువజనులు పొగకు బలియైరి. మంటకంటె ముందు పొగ చంపును. కావున ఎవరైనను ఎత్తైన చోటికి పోయినపుడు, కూర్చుండకమునుపే మెట్లెక్కడ నున్నవో, రెండవ దారి కలదో లేదో, తలపై కప్పు తాటాకో గుడ్డయో చూడవలెను. నిప్పు పుట్టినపుడు లిఫ్టు ఎక్కరాదు. మూసిన గదిలో దాగరాదు.

ఇక మన మిద్దెల మాట. ఒంటి యిండ్లుండిన కాలమున మిద్దె ఆడువారి రాజ్యము. వడియములు, అప్పడములు, మిరపకాయలు, ఊరగాయ ముక్కలు అచ్చటనే యెండెడివి. పొరుగింటివారితో మాటలు పిట్టగోడమీదుగా సాగెడివి. నేడు నాచారములో ఆ యిండ్ల స్థానమున అపార్టుమెంటులు లేచినవి. వానిలో పెక్కింట మిద్దె తలుపునకు తాళము. తాళపుచెవి కాపలావాని యొద్దనో, సంఘము పెద్దల యొద్దనో యుండును. పైన నీళ్లతొట్లు, సెల్‌ఫోను స్తంభములు. ఇంటి పనితో అలసిన స్త్రీకి ఆకాశము చూచుటకు చోటు లేదు. ఇంటిలో లేని చోటును పిల్లలు వెలపెట్టి కొనుచున్నారు. మధుశాలకు బలము మద్యమువలననే రాలేదు. మన తాళమువలనను వచ్చినది.

2016 నాటి స్థిరాస్తి చట్టము, అనగా రెరా, ఉమ్మడి స్థలములను లెక్కించుచు మిద్దెను కూడ పేర్కొన్నది. పాత కట్టడములవారు తమ విక్రయపత్రమును, సంఘపు నియమావళిని చదివి చూడవలెను. సంఘపు సభలకు మగవారిని మాత్రమే పంపక మనమును పోయి అడుగవలెను: తలుపు ఏ వేళ నుండి ఏ వేళ వరకు తెరచియుండును? పిట్టగోడ పసిపిల్లలు తొంగిచూచినను పడనంత ఎత్తున్నదా? మెట్లపై దీపమున్నదా? క్రింద నిప్పు పుట్టి పైకి పరుగెత్తినవారు తాళము ముందు నిలిచిపోవలసినదేనా? ఈ కడపటి ప్రశ్నకు సంఘమువారు తప్పక జవాబు చెప్పవలెను.

నాచారపు మిద్దెనుండి చూడదగినవి కొరతగా లేవు. ఉత్తరమున మౌలాలి గుట్ట. దాని పాదమున ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా (1768-1824) సమాధి కలదు. దక్షిణమున ఉప్పల్ క్రికెట్ మైదానపు దీపస్తంభములు. ఆట జరుగు రాత్రులలో ఆ దిక్కు పట్టపగలువలె నుండును. ఇవి చూపుచు పిల్లలకు ఊరి కథ చెప్పవచ్చును. పౌర్ణమినాడు ఇంటింటినుండి ఒక్కొక్క వంటకము తెచ్చుకొని కలిసి భుజించినచో ఖర్చు స్వల్పము, సంతోషము మెండు. పెరిగిన పిల్లలను తమ స్నేహితులతో అచ్చటికే రమ్మనవచ్చును. వచ్చినపుడు మనము కొంత యెడముగా కూర్చుండుటయు నేర్వవలెను.

సోదరీమణులారా, వెన్నెలకు వెల లేదు. వచ్చు పౌర్ణమిలోపల మీ మిద్దె తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో కనుగొనుడు.