మీకు తెలుసా? కోసి వెడల్పు చేసిన కారు

మోరిస్ మైనర్ కారు తయారీకి దాదాపు సిద్ధమయ్యాక, ఆఖరి దశలో నాలుగు అంగుళాల వెడల్పు పెరిగింది! నమూనా మరీ సన్నగా ఉందనిపించి, రూపశిల్పి అలెక్ ఇసిగోనిస్ దాన్ని నిలువునా రెండుగా కోయించారు. రెండు సగాల్నీ పక్కలకు జరిపించి చూస్తూ, నాలుగు అంగుళాల ఎడం దగ్గర ‘ఇదీ లెక్క’ అని ఆపేశారు. ఎంత కచ్చితమైన కన్నో! అప్పటికే పాత కొలతతో తయారైన బంపర్లను పారేయలేదు. మధ్యకు కోసి, నడుమ నాలుగంగుళాల అతుకు వేసి మొదటి కార్లకు బిగించారు. బానెట్ మధ్యలో పొడవునా కనిపించే చదునైన పట్టీ ఆ మార్పు ఆనవాలే.

రూపకల్పన దశలో దీని పేరు మస్కిటో. 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనకు వచ్చేసరికి, 1928 నాటి చిన్న మోరిస్ పేరైన ‘మైనర్’ మళ్లీ తెరమీదికొచ్చింది. కంపెనీ అధినేత లార్డ్ నఫీల్డ్‌కు ఈ కారు రూపం బొత్తిగా నచ్చలేదు. అయినా పది లక్షల మార్కు దాటిన తొలి బ్రిటిష్ కారు ఇదే. ఆ సందర్భంగా లేత ఊదా రంగులో ప్రత్యేక కార్లు తెచ్చి, వాటి మీద ‘మైనర్ 1000000’ అని రాశారు. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని ‘బేబీ హిందుస్థాన్’ పేరుతో అమ్మింది.