చేతిలోది ఎక్కడ పెట్టాలి?

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తగిలించుకున్న మనిషికి దాహం వేస్తే చిక్కే. రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు. కళ్ల ముందు లేని కోటలు కనిపిస్తాయి గానీ, పక్కనే ఉన్న బల్ల కనిపించదు. చేతిలోది తడుముకుంటూ ఎక్కడో పెట్టాలి, మళ్లీ తడుముకుంటూ వెతుక్కోవాలి. తెరలకూ చిప్పులకూ దక్కిన ఆలోచనలో పదోవంతు కూడా ఈ ఇబ్బందికి దక్కలేదనిపిస్తుంది. ఇప్పుడు కొందరు దీన్ని నడుముకు కట్టుకునే ఒరతో పరిష్కరించాలని చూస్తున్నారు. చూడ్డానికి కుట్టుపనిలా ఉంటుంది గానీ, అందులో సగం భౌతికశాస్త్రమే.

1968లో ఇవాన్ సదర్లండ్ తలకు తగిలించుకునే తెరను తయారుచేసినప్పుడు ఈ ప్రశ్నే రాలేదు. ఆ యంత్రం పైకప్పు నుంచి వేలాడేది, దాని కింద మనిషి తిరిగే జాగా కొద్దిపాటిదే. 1980లలో జారన్ లానియర్ నడిపిన వీపీఎల్ సంస్థ డేటాగ్లవ్ తెచ్చింది. వేళ్ల వెంట సన్నని కాంతి తీగలు ఉంటాయి. వేలు వంగితే తీగలోని కాంతి కొంత బయటికి పోతుంది, ఆ తరుగును బట్టి వంపు ఎంతో తెలుస్తుంది. 1989లో మాటెల్ ఆ ఆలోచననే చవక చేసి, నింటెండో ఆటల కోసం పవర్ గ్లవ్‌గా అమ్మింది. చేతికి తొడుక్కున్నదాన్ని కింద పెట్టే పనే లేదు. కాకపోతే వేలి కింద నొక్కడానికి మీట లేకపోతే ఆటగాడికి తృప్తి ఉండదు. పైగా ఒకరి తొడుగు ఇంకొకరికి పట్టదు. అందుకే మళ్లీ చేత్తో పట్టుకునే పరికరానికే వచ్చారు.

అలా వచ్చిన వాటిలో బాగా పేరుపడింది 2006 నాటి నింటెండో వీ రిమోట్. అది వర్చువల్ రియాలిటీ కాదు, టీవీ ముందు ఆడే ఆట. కానీ చేయి విసిరి ఆడే పరికరం జారితే ఏమవుతుందో లోకానికి చూపించింది అదే. మణికట్టుకు వేసుకునే తాడు తెగి రిమోట్లు ఎగిరిపోయాయి. ఆ డిసెంబరులో నింటెండో సుమారు 32 లక్షల తాళ్లను మార్చి ఇస్తామంది. పాత తాడు మందం 0.6 మిల్లీమీటర్లు, కొత్తది 1 మిల్లీమీటరు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ తాడు బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే రకం తాడైతే బలం దాదాపు మూడు రెట్లు పెరిగినట్టే. మరుసటి ఏడాది రిమోట్‌కు మెత్తని సిలికాన్ తొడుగు కూడా వచ్చింది. అయినా మణికట్టు తాడు చేసేది ఒక్కటే, పరికరం ఎగిరిపోకుండా ఆపడం. చేతిని ఖాళీ చేయదు. వేలాడే కంట్రోలర్‌తో గ్లాసు అందుకోబోతే ముందు గ్లాసుకు తగిలేది కంట్రోలరే.

2016లో హెచ్‌టీసీ వైవ్, ఆకులస్ టచ్ కంట్రోలర్లు వచ్చాయి. టచ్‌కు ఒక ప్లాస్టిక్ వలయం ఉండేది, అందులో కంటికి కనిపించని పరారుణ కాంతి దీపాలు. గదిలో పెట్టిన సెన్సర్లు వాటిని చూసి చెయ్యి ఎక్కడుందో లెక్కకట్టేవి. 2019లో వచ్చిన ఆకులస్ క్వెస్ట్‌లో కెమెరాలు హెడ్‌సెట్ మీదికే చేరాయి. అవి పైనుంచి చూస్తాయి కనుక వలయం కూడా బొటనవేలి పైకి మారింది. ఒర తయారుచేసేవాళ్లకు ఇది అనుకోని వరం. వలయాన్ని నడుముకున్న కొక్కేనికి తగిలిస్తే చాలు. అదే ఏడాది వాల్వ్ సంస్థ ఇండెక్స్ కంట్రోలర్‌కు అరచేతిని చుట్టే పట్టీ పెట్టింది. వేళ్లన్నీ విప్పినా అది పడిపోదు. నాకు తెలిసినంతలో ఈ చరిత్రలో అన్నిటికన్నా తెలివైన పట్టీ అదే. కానీ అరచేతిలో పరికరం ఉండనే ఉంటుంది, గ్లాసు పట్టుకోవడం మాత్రం కుదరదు.

ఇక ఒర సంగతి. తాటిచెట్టు మీద గీత కార్మికుడు నడుముకున్న ముస్తాదులోంచి కత్తి తీసేది కంటితో చూసి కాదు, చేతి అలవాటుతో. ఇక్కడ కావలసిందీ అదే. అందుకే ఒర మూతి బూరలా వెడల్పుగా ఉండాలి. చెయ్యి రెండు వేళ్లంత పక్కకు వెళ్లినా కంట్రోలర్ జారుకుంటూ లోపలికి పోవాలి. కుడి, ఎడమ కంట్రోలర్లు అద్దంలో ప్రతిబింబాల్లాంటివి, కాబట్టి ఒరలూ అలాగే ఉండాలి, ఒకే అచ్చు రెండింటికీ పనికిరాదు. జాయ్‌స్టిక్‌కు గానీ ట్రిగ్గర్‌కు గానీ లోపలి అంచు తగలకూడదు. తగిలితే ఆటలో మనిషి తనంతట తాను నడవడం మొదలుపెడతాడు.

అయస్కాంతం పెడితే చటుక్కున అతుక్కుంటుంది కదా అనిపిస్తుంది. కానీ కొన్ని కంట్రోలర్లలో ట్రిగ్గర్ ఎంత నొక్కారో కొలిచేది హాల్ సెన్సర్, అంటే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే ముక్క. దాని పక్కనే బలమైన అయస్కాంతం పెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

అసలు తంటా కెమెరాలతో. నడుము దగ్గర, బట్టల మాటున ఉన్న కంట్రోలర్ వాటికి కనబడదు. అప్పుడు పరికరం లోపలి త్వరణ సెన్సర్ లెక్కే దిక్కు. త్వరణం నుంచి స్థానం రాబట్టాలంటే రెండుసార్లు సమాకలనం చేయాలి, దాంతో చిన్న పొరపాటు కూడా కాలం వర్గంతో పెరుగుతుంది. సెకనుకు సెకనుకు 0.01 మీటరు తప్పు ఉందనుకుందాం. పది సెకన్లకు స్థానంలో తేడా అర మీటరు, ఇరవై సెకన్లకు రెండు మీటర్లు. అందుకే సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను ఎక్కువసేపు నమ్మదు. ఒరలోంచి తీసిన కంట్రోలర్ మళ్లీ కెమెరా కంటపడ్డాకే ఆటలోని చెయ్యి చోటుకు వస్తుంది. వలయం బయటికి కనిపించేలా ఒరను తొడ పక్కన కాస్త ముందుకు వంచి కట్టడానికి కారణం ఇదే.

బ్యాటరీ బాధ ఇంకోటి. బల్ల మీద కదలకుండా ఉన్న కంట్రోలర్ నిద్రపోతుంది. ఒంటికి వేలాడుతూ ఊగేది మేలుకునే ఉంటుంది. ఒర బిగుతుగా ఉంటే ఊపు తగ్గుతుంది గానీ, నడిచే మనిషి నడుమును ఆపలేం కదా.

ఇక చాలా తుపాకి ఆటల్లో ఊహా పిస్తోలును పెట్టేది కూడా నడుముకే. దాన్ని తీయబోయిన చెయ్యి అసలు ఒరకు కొట్టుకుంటుంది. అందుకని నిజమైన ఒర తొడ మీదికి జరగక తప్పదు.

2023లో వచ్చిన క్వెస్ట్ 3 కంట్రోలర్లకు వలయమే లేదు, కొక్కేనికి తగిలించే వీలూ పోయింది. ఒట్టి చేతులను గుర్తించే పద్ధతి 2019 చివర్లోనే క్వెస్ట్‌లోకి వచ్చింది కాబట్టి, ఒరలతో ఇక పనేమిటని అడగవచ్చు. కానీ ఒట్టి చేతికి మీట నొక్కిన స్పర్శ ఉండదు, కంట్రోలర్ ఇచ్చే కంపనం ఉండదు. నిజమైన పనిముట్టు ఒక చేత, కంట్రోలర్ ఇంకో చేత పట్టుకుని నేర్చుకునే శిక్షణల్లో రెండూ కావాలి. హెడ్‌సెట్ తీయకుండానే కీబోర్డు మీద టైపు చేసుకునే డెవలపర్లకైతే కంట్రోలర్ పెట్టి తీసే ఈ పని గంటకు ఎన్నిసార్లో.

మీరే కుట్టుకున్నా, త్రీడీ ప్రింటర్లో చేసుకున్నా, కొనుక్కున్నా ముందు ఒక పరీక్ష పెట్టండి. కళ్లు మూసుకుని కంట్రోలర్‌ను ఒరలో పెట్టి, రెండడుగులు నడిచి, కూర్చుని లేచి, మళ్లీ తీయండి. ఒక్కసారైనా కళ్లు తెరవాల్సి వస్తే దాని మూతి ఇంకా వెడల్పు చేయాలి.