బాండు రాకముందే మిల్లు కాలితే

దసరా దాటాక ఆలేరు చుట్టుపక్కల పత్తి రావడం మొదలవుతుంది. అక్కడ ఒక జిన్నింగ్ మిల్లు ఉందనుకుందాం. సోమవారం బీమా ఏజెంటు వచ్చి అగ్నిబీమాకు ప్రపోజల్ ఫారం నింపించుకున్నాడు. "సేటూ, ఇగ మీకు ఫికర్ లేదు" అని పోయాడు. బుధవారం రాత్రి గోదాములో బేళ్లు అంటుకున్నాయి. పాలసీ బాండు ఇంకా చేతికి రాలేదు. కంపెనీ నష్టం కట్టివ్వాలా?

బాండు రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు. ప్రీమియం కంపెనీకి ముట్టిందా, కంపెనీ సరేనందా అన్నవే అసలు ప్రశ్నలు.

ముందు డబ్బు సంగతి. 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే, లేదా దానికి తగిన హామీ ఉండనిదే, కంపెనీ రిస్కు తీసుకోకూడదు. చెక్కును పోస్టులో పంపితే మాత్రం పోస్టు చేసిన రోజు నుంచే రిస్కు మొదలుకావచ్చు. ఆ చెక్కు బౌన్సయితే అంతా వృథా: 2001లో సీమా మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. ఏజెంటు వసూలు చేసిన సొమ్మును, సెలవులు పోను, 24 గంటల్లో కంపెనీకి జమ చేయాలి.

డబ్బు ముట్టినంత మాత్రాన ఒప్పందం కుదిరినట్టేనా? కాదనడానికి మన కోస్తా కేసే ఉంది. 1960 డిసెంబరు 27న ఒకాయన 50 వేల రూపాయల జీవిత బీమాకు ప్రపోజల్ ఇచ్చారు. ఆయనిచ్చిన రెండో చెక్కు సొమ్ము జనవరి 11న జమైంది. మర్నాడే ఆయన పోయారు. హైకోర్టు కుటుంబం పక్షాన నిలిచినా, 1984లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసింది. ప్రీమియం తీసుకుని దగ్గర పెట్టుకోవడం అంగీకారం కాదు, అధికారం ఉన్నవాళ్లు ఒప్పుకుని ఆ సంగతి తెలపాలి అంది. రాజా వాసిరెడ్డి కోమలవల్లి కాంబ కేసుగా లాయర్లకు ఇది కొట్టినపిండి. డబ్బు పుచ్చుకుని నోరు మెదపని కంపెనీకి ఇది మరీ అనుకూలమైన తీర్పనిపిస్తుంది నాకు. 2018లో డి. శ్రీనివాస్ కేసులో అదే కోర్టు, కాదనేటట్టయితే ఆ మాట సకాలంలో చెప్పాలని కొంత సర్దింది.

అగ్నిబీమాలో ఈ చిక్కును విప్పేది కవర్ నోట్. ఇది ఉత్త రసీదు కాదు, కంపెనీ ఇచ్చిన తాత్కాలిక ఒప్పందం. ప్రీమియం కట్టి, బుధవారం సాయంత్రానికే అమల్లోకి వచ్చిన కవర్ నోట్ సేటు దగ్గరుంటే, రాత్రి కాలిన బేళ్లకు కంపెనీ జవాబుదారీ. ఏజెంటు నోటిమాటే ఉంటే గెలవడం కష్టం.

అయితే కవర్ నోట్‌తో పాటు రాబోయే పాలసీ షరతులూ వెంట వస్తాయి. పశ్చిమ బెంగాల్‌లోని ధూలియన్‌లో కొన్ని ఇళ్లకు గంగ కోత నష్టం కూడా కలిపి అగ్నిబీమా కవర్ నోట్లు ఇచ్చారు. నది ఇళ్లను మింగకముందే కంపెనీ వాటిని రద్దు చేసింది. ఎప్పుడైనా రద్దు చేసుకునే షరతు పాలసీలో ఉంది, నష్టం ఇంకా మొదలుకాలేదు కనుక రద్దు చెల్లుతుందని 1966లో చాంద్‌మల్ జైన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇళ్లు కూలాక రద్దు చేసి ఉంటే కథ వేరు.

కవర్ నోట్ మీద తేదీతో పాటు గంట కూడా చూసుకోవాలి. "తనిఖీకి లోబడి" అని రాసి ఉంటే ఆ తనిఖీ పూర్తయిందా అని అడిగి, జవాబు రాతలో తీసుకోవాలి. గడువు తీరేలోగా బాండు గానీ పొడిగింపు గానీ రాకపోతే, ఆ తర్వాత అంటుకున్న నిప్పుకు ఆ కాగితం పనికిరాదు.