వార్తల్లో పదం: దౌహిత్రుడు

బస్తర్ రాజవంశీయుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్ పెళ్లి 2025 ఫిబ్రవరిలో జరిగింది. వధువు మధ్యప్రదేశ్‌లోని నాగోద్ రాజకుటుంబం ఆడపడుచు. ఈ కబురు ఓరుగల్లువాళ్లకూ ఆసక్తి కలిగించింది. 2022 జులైలో కాకతీయ వైభవ సప్తాహానికి 'కాకతీయుల వారసుడి'గా వరంగల్ వచ్చింది ఆయనే.

దౌహిత్రుడంటే కూతురి కొడుకు. కొడుకులు లేని ఇంట్లో వంశం నిలపడానికి ధర్మశాస్త్రాలు చూపిన దారి ఇది. కాకతీయుల వంశం నిలిచిందీ ఇలాగే: కాకతీయ రాజు గణపతిదేవుడి తర్వాత కూతురు రుద్రమ సింహాసనం ఎక్కింది. ఆమెకూ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడే వారసుడయ్యాడు.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని ఆ వంశం చెప్పుకునే చరిత్ర. అక్కడా అదే కథ: 1922లో గద్దె ప్రఫుల్లకుమారీదేవికి దక్కింది. భర్త మయూర్‌భంజ్ రాజకుటుంబీకుడు కావడంతో పిల్లలకు 'భంజ్‌దేవ్' ఇంటిపేరయింది. ఆమె కొడుకు ప్రవీర్‌చంద్ర 1966లో జగదల్‌పూర్ రాజభవనంలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

26వ రాజ్యాంగ సవరణ 1971లో రాజభరణాలతో పాటు రాజుల గుర్తింపునూ రద్దుచేసింది. కమల్‌చంద్రకు రేపు కొడుకు పుట్టినా, కూతురు పుట్టినా దక్కేవి కుటుంబ ఆస్తి, బస్తర్ దసరాలో సంప్రదాయ గౌరవం. కాకతీయ వారసత్వమంటారా, అది ఆడపిల్లల మీదుగానే ఇంతదూరం నడిచింది.