స్ట్రెస్ స్కోర్ 22, నిద్ర 9 గంటలు: వాచ్ అంతా బాగుందంది, తమ్ముడు మాత్రం బాగోలేడు

నిజానికి ఇది ఒక ఫిట్‌నెస్ వాచ్ రివ్యూ కావాల్సింది. బ్యాటరీ ఎన్ని రోజులొచ్చింది, డిస్‌ప్లే ఎండలో కనిపిస్తోందా, స్ట్రాప్ చర్మానికి దురద పెడుతోందా... నోట్స్ అన్నీ రెడీగా ఉన్నాయి. కానీ ఆ వాచ్ చెప్పిన ఒక నంబర్‌ని నేను మరీ ఎక్కువగా నమ్మేశాను. అందుకే ముందు ఇది రాస్తున్నా. ఏ కంపెనీ వాచ్ అనేది అనవసరం. ఈ విషయంలో రెండు వేల రూపాయల బ్యాండ్‌కైనా, నలభై వేల వాచ్‌కైనా పరిమితి ఒకటే.

మాది ఖమ్మం జిల్లా కల్లూరు. సత్తుపల్లి రోడ్డు మీద వస్తుంది, ఇంకా ముందుకెళ్తే భద్రాచలం వైపు అడవి. వానాకాలం వచ్చిందంటే మా వైపు జ్వరాలు కామన్. పోయిన సెప్టెంబర్‌లో మా బాబాయి కొడుక్కి డెంగీ వచ్చింది. వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఖమ్మంలో హాస్టల్. జ్వరం తగ్గింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, దసరా సెలవులకి ఇంటికొచ్చాడు. కానీ మునుపటి మనిషిలా లేడు. క్రికెట్‌కి పిలిస్తే రాడు, అన్నం కెలికి వదిలేస్తాడు, ఏమన్నా అంటే కసురుకుంటాడు.

ఇంట్లో తలో మాట. నాయనమ్మ దిష్టి అంది. బాబాయి "అంతా ఆ ఫోన్ వల్లే" అన్నాడు. పిన్ని మాత్రం నన్ను పక్కకి పిలిచి, "నువ్వైనా కనుక్కోరా, వాడు లోపల్లోపల ఏదో పెట్టుకున్నాడు" అంది.

నేను ఇంజినీర్‌ని కదా, మాట్లాడటం మానేసి డేటా తీసుకున్నా. టెస్టింగ్‌లో ఉన్న వాచ్ వాడి చేతికి పెట్టి వారం రోజులు చూశా. సగటు స్ట్రెస్ స్కోర్ 22, పక్కన పచ్చ రంగులో 'రిలాక్స్‌డ్'. నిద్ర రోజుకి తొమ్మిది గంటలు. గుండె వేగం నార్మల్. యాప్ తెరిచి పిన్నికి చూపించి, "ఏం లేదు పిన్నీ, రెస్ట్ తీసుకుంటున్నాడు అంతే" అని చెప్పేశా. ఆవిడ ఇంకేం అనలేదు.

సంక్రాంతికి మళ్లీ ఊరెళ్లినప్పుడు రాత్రి మేడ మీద ఇద్దరం కూర్చున్నాం. ఆ గ్రాఫ్ గురించి నేనే ఏదో అన్నా. వాడు నెమ్మదిగా చెప్పాడు: "అన్నయ్యా, నేను నిద్రపోలేదు. కళ్లు మూసుకుని పడుకున్నా, అంతే."

ఆ 22 ఎక్కడి నుంచి వచ్చింది?

వాచ్ అడుగున మెరిసే పచ్చ లైట్ అందరికీ తెలుసు. రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం పెరిగి తగ్గుతుంది, వెనక్కొచ్చే కాంతి కూడా దాన్నిబట్టి మారుతుంది. సెన్సర్ అక్కడి నుంచి ఒక్కో బీట్‌కీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు ఉన్నాయో అంచనా వేస్తుంది. ఆరోగ్యంగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఈ గ్యాప్ గడియారంలా ఒకేలా ఉండదు, కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటే హార్ట్ రేట్ వేరియబిలిటీ. అది తగ్గితే స్కోర్ పెరుగుతుంది.

అంటే వాచ్ చూసేది నాడీ వ్యవస్థ గేరు మార్చడాన్ని మాత్రమే. ఎందుకు మార్చిందో దానికి తెలీదు. రెండు కాఫీలు తాగినా, మెట్లెక్కినా, జ్వరం వచ్చినా, అభిమాన హీరో సినిమా మొదటి షోకి వెళ్లినా స్కోర్ పెరగొచ్చు. రోజంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న కుర్రాడికి పచ్చ రంగు రావచ్చు.

నిద్ర లెక్క కూడా అంతే. మణికట్టు కదలిక, గుండె వేగం చూసి వాచ్ నిద్రని ఊహిస్తుంది. కదలకుండా మేలుకుని ఉన్న సమయాన్ని నిద్ర కింద వేసేయడం ఈ ట్రాకర్లకి బాగా తెలిసిన బలహీనతే. నాకూ తెలుసు. పాత రివ్యూల్లో నేనే రాశా. మా ఇంటి మనిషి దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయా.

జ్వరం ఒంటికే వస్తుందా?

మోకాలు గీరుకుపోతే ఆ చోటు ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి పుడుతుంది. అదే ఇన్‌ఫ్లమేషన్. శరీరం తనని తాను కాపాడుకునే పద్ధతి. రోగనిరోధక కణాలు సైటోకైన్లు అనే ప్రొటీన్లతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-6 అందులో ఒకటి. ఆ కబురు లివర్‌కి చేరితే అది సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది. ల్యాబ్ రిపోర్టుల్లో మీరు చూసే సీఆర్‌పీ ఇదే.

ఈ కబురు మెదడుకీ చేరుతుంది. జ్వరం వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. తిండి సహించదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, ఇష్టమైన గేమ్ కూడా బోర్ కొడుతుంది, నిద్ర సరిగా పట్టదు. శక్తిని దాచుకుని రోగంతో పోరాడటానికి మెదడు పెట్టిన సెట్టింగ్ అది. ఇప్పుడు 'జ్వరం' అనే మాట తీసేసి ఆ లక్షణాలే మళ్లీ చదవండి. డిప్రెషన్ లక్షణాల జాబితాకి చాలా దగ్గరగా ఉంటుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. హెపటైటిస్-సీ రోగులకి చాలా ఏళ్లు ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అది కూడా ఒక సైటోకైనే. వాళ్లలో చాలామందికి వారాలు, నెలల్లోనే డిప్రెషన్ వచ్చింది. అందుకే డాక్టర్లు ఆ మందు ఇచ్చేటప్పుడు మనసు పరిస్థితిని కూడా కనిపెట్టుకుని ఉండేవారు.

పిల్లల విషయంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతంలో ఒక పెద్ద పరిశోధన ఉంది. 1990ల మొదట్లో పుట్టిన పిల్లల్ని పుట్టుక నుంచీ ఫాలో అవుతున్నారు. వాళ్లలో సుమారు 4,500 మందికి తొమ్మిదేళ్ల వయసులో రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 కొలిచారు. ఎక్కువ ఉన్న మూడో వంతు పిల్లల్లో, తక్కువ ఉన్న మూడో వంతుతో పోలిస్తే, పద్దెనిమిదేళ్లకి డిప్రెషన్ వచ్చే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. ఈ ఫలితం 2014లో ప్రచురితమైంది. అదే పరిశోధనలో సీఆర్‌పీకి మాత్రం అలాంటి సంబంధం కనబడలేదు. కాబట్టి ఇది చదివి ఇంట్లో పిల్లాడిని సీఆర్‌పీ టెస్టుకి లాక్కెళ్లకండి. డిప్రెషన్‌ని పట్టించే రక్తపరీక్ష ఇంతవరకూ లేదు.

ఒత్తిడికి, రక్తానికి ఏం సంబంధం?

ఒత్తిడి వచ్చినప్పుడు కార్టిసోల్ అనే హార్మోన్ విడుదలవుతుంది. దాని పనుల్లో ఒకటి ఇన్‌ఫ్లమేషన్‌ని అదుపులో పెట్టడం. కానీ ఒత్తిడి నెలల తరబడి సాగితే 'నాన్నా పులి' కథలా అవుతుంది. రోజూ అదే అరుపు వినీ వినీ కణాలు కార్టిసోల్ మాట లెక్కచేయడం తగ్గిస్తాయి. అదుపు తప్పిన ఇన్‌ఫ్లమేషన్ సన్నని సెగలా లోపల మిగిలిపోతుంది. జ్వరం ఉండదు, వాపు కనిపించదు.

అమెరికాలోని నార్త్ కరోలినాలో 1,420 మంది పిల్లల్ని చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. వయసుతో పాటు సీఆర్‌పీ అందరికీ కొంత పెరుగుతుంది. తోటిపిల్లల వేధింపులకి గురైనవాళ్లలో ఆ పెరుగుదల ఎక్కువగా ఉందని 2014లో తేల్చారు. 'ఏదో సరదాకి ఏడిపించాం' అన్నది కొన్నేళ్ల తర్వాత రక్తంలో కనబడిందన్నమాట.

మన దగ్గర ఒత్తిడి అంటే నాకు గుర్తొచ్చే తేదీ 2019 ఏప్రిల్ 18. తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు, నేనూ ఆ బ్యాచే. మూడు లక్షల మందికి పైగా ఫెయిల్. తెలుగులో 99 రావాల్సిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు, వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఆత్మహత్యకి ఎప్పుడూ ఒక్కటే కారణం ఉండదని డాక్టర్లు చెప్తారు, అది నిజమే. కానీ రెండేళ్ల పాటు తెల్లవారుజామున లేచి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చున్న పదిహేడేళ్ల శరీరం మీద ఆ ఫలితం పడింది. డేటాబేస్‌లో తప్పు వాల్యూ పడితే మేం దాన్ని బగ్ అంటాం, సరిచేస్తాం. ఆ మార్కు తప్పో ఒప్పో శరీరానికి తెలీదు. దానికి తగిలిన దెబ్బ మాత్రం నిజం.

'మనసు గట్టిగా పెట్టుకో' ఎందుకు పనిచేయదు

డెంగీ వచ్చినోడికి 'ప్లేట్‌లెట్లు గట్టిగా పెట్టుకో' అని ఎవరూ అనరు. మా వాడికి మాత్రం నాతో సహా అందరం అదే చెప్పాం. వాడి విషయంలో డెంగీ వల్ల ఎంత, నిద్రలేమి వల్ల ఎంత, మార్కుల భయం వల్ల ఎంత అని విడదీసి చెప్పడం కుదరదని డాక్టర్ కూడా అన్నారు. ఈ మూడూ ఒకే ఒంట్లో ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

అలాగని ప్రతి డిప్రెషన్‌కీ ఇన్‌ఫ్లమేషనే మూలం అనుకోవద్దు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సీఆర్‌పీ బాగా ఎక్కువ ఉండేది సుమారు నాలుగో వంతు మందిలోనే. కాబట్టి 'ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తుంది, మూడ్ పెంచుతుంది' అని రీల్స్‌లో అమ్మే పసుపు క్యాప్సూల్స్, పౌడర్లు చికిత్స కాదు. నొప్పి మాత్రలు అసలే కాదు.

ఇది అరుదైన సంగతీ కాదు. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అరవై మంది ఉన్న క్లాసులో నలుగురు.

మరి వాచ్ తీసి పారేయాలా?

అక్కర్లేదు. స్కోర్‌ని నమ్మడం మానేసి మార్పుని చూడండి. పడుకునే టైమ్ రోజురోజుకీ వెనక్కి జరుగుతోందా? అడుగుల సంఖ్య సగానికి పడిపోయిందా? అది రెండు వారాలు దాటితే, దాంతోపాటు చిరాకు, ఆకలి లేకపోవడం, ఇష్టమైనవి వదిలేయడం కనిపిస్తే, యాప్ మూసేసి మనిషిని అడగండి. "నిద్ర పడుతోందా?" అన్నది మంచి మొదటి ప్రశ్న. 'ఎందుకిలా ఉన్నావ్' అంటే గొడవవుతుంది, నిద్ర గురించి అడిగితే నిజం చెప్తారు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అడగడం వల్ల ప్రమాదం పెరగదు. అవునంటే వాళ్లని ఒంటరిగా వదలకండి, వెంటనే సాయం తీసుకోండి.

టెలీ మానస్ నంబర్ 14416. 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మేం మొదట చేసింది ఆ కాలే, అదీ మేడ మీద నుంచే. తర్వాత ఖమ్మంలో మానసిక వైద్యుడిని కలిశాం. థైరాయిడ్, హిమోగ్లోబిన్ లాంటి పరీక్షలు చేయించి, వాడితో విడిగా గంటసేపు మాట్లాడారు. కౌన్సెలింగ్ నడుస్తోంది. హాస్టల్ మాన్పించి బాబాయే బస్సెక్కిస్తున్నాడు. బాగైపోయాడని రాయలేను. రాత్రి కాస్త నిద్రపోతున్నాడు, పోయిన ఆదివారం క్రికెట్‌కి వెళ్లి రెండు ఓవర్లు వేసి వచ్చాడు.

ఇదంతా వాడిని అడిగి, చదివించి రాశా. పేరు మాత్రం వద్దన్నాడు. వాచ్ రివ్యూ వచ్చే వారం వస్తుంది. స్ట్రెస్ ఫీచర్‌కి మార్కులు వేసే ముందు పిన్నికి ఫోన్ చేసి, ఆ రోజు తన మాట వినాల్సిందని చెప్పాలి.